నాలుగు సున్నాలు, ఒక పెన్నేరు

మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం మానేశాడు. పదకొండేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మానేసిన సంగతి మా అక్కకు చెప్పే ముందు నాకు ఒక పుస్తకం పంపించాడు. దాంట్లో ఒక పేజీ మూల మడిచి ఉంది. ఆ పేజీలో నాలుగు సున్నాలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి. రాత్రి ఫోన్ చేసి అన్నాడు: "మామా, నావి నాలుగూ యాడా కలవడం ల్యా. ఏం జేయాల్నో నువ్వే జెప్పు."

వాడు జిమ్‌కు పోతాడు. రెండు మారథాన్లు పరిగెత్తాడు. గిటారు నేర్చుకున్నాడు, వదిలేశాడు; ఫోటోలు తీశాడు, కెమెరా అమ్మేశాడు. ఇప్పుడు ఉద్యోగం కూడా వదిలేశాడు. "ఇన్ని జేసినా ఎందుకు బతుకుతాండానో తెలియడం ల్యా మామా" అన్నాడు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపినవాణ్ణి. ఇదే ప్రశ్న నన్ను అడిగితే నా దగ్గరా వెంటనే జవాబు లేదు.

ఆ పుస్తకం 'ఇకిగై'. ఎక్తోర్ గార్సియా, ఫ్రాన్సెస్క్ మిరాయెస్ రాసింది. 2016లో స్పానిష్‌లో వచ్చింది, మరుసటేడు ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి లోకమంతా పాకింది. ఇప్పుడు పుస్తకాల ఎగ్జిబిషన్లలో వ్యక్తిత్వ వికాసం బల్ల దగ్గర ఇది కనబడకుండా ఉండదు. నేను దీన్ని తీరిగ్గా చదివాను. చెడ్డ పుస్తకం కాదు. ఒకినావా దీవిలో ఒగిమి అనే పల్లె. అక్కడి నిండు ముసలివాళ్ళు కూరగాయల మడి చూసుకుంటారు, తెల్లారే లేచి ఒళ్ళు కదిలిస్తారు, ఇరుగుపొరుగుతో కూర్చుని నవ్వుతారు, ఒకరి కష్టానికి ఒకరు డబ్బు వేసుకుంటారు. వాళ్ళ గురించి రాసినంత మేరా ఈ పుస్తకంలో చల్లని గాలి ఉంది.

నాకు పేచీ ఆ నాలుగు సున్నాలతో. నీకు ఇష్టమైనది, నీకు బాగా వచ్చినది, లోకానికి అవసరమైనది, నీకు డబ్బులు తెచ్చేది. నాలుగూ కలిసిన నడిమధ్య చుక్క నీ జీవిత ప్రయోజనం. ఈ బొమ్మ పుస్తకం కంటే ఎక్కువ తిరిగింది. పుస్తకం చదవనివాళ్ళు కూడా ఈ బొమ్మ చూసి నిద్ర పోగొట్టుకున్నారు.

ఈ బొమ్మకు జపానుతో సంబంధం లేదు. దీన్ని 2011 ప్రాంతంలో ఆంద్రేస్ జుజునాగా అనే స్పెయిన్ జ్యోతిష్కుడు గీశాడు. నడుమ 'ప్రయోజనం' అన్న మాట పెట్టాడు. 2014లో మార్క్ విన్ అనే బ్రిటిష్ ఆయన ఆ మాట తీసేసి అక్కడ 'ఇకిగై' అని పెట్టాడు. అంతే, మార్పు ఒక్క మాటే. ఒక జ్యోతిష్కుడి బొమ్మ తెల్లారేసరికి జపాను ప్రాచీన జ్ఞానం అయిపోయింది. ఒగిమి ముసలివాళ్ళను పోయి అడిగితే, మడిలో పండించిన వంకాయలు మాకేం జీతం తెస్తాయని నవ్వుతారేమో.

జపానులో ఈ మాట మీద గట్టిగా ఆలోచించిన పుస్తకం వేరే ఉంది. కమియా మియెకో అనే మానసిక వైద్యురాలు 1966లో ప్రచురించింది. ఆమె నగషిమా ఐసెయెన్ అనే కుష్ఠు రోగుల ఆశ్రమంలో పనిచేసింది. అక్కడ జబ్బు పెద్దగా ముదరనివాళ్ళలో కూడా బతుకు మీద ఆశ వదిలేసినవాళ్ళు కనిపించారు, ఒళ్ళంతా పాడైనా ఆశ వదలనివాళ్ళూ కనిపించారు. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నదే ఆమె ప్రశ్న. అంటే ఈ ప్రశ్న మొదలైంది ఏ కెరీర్ సలహాల కార్యాలయంలోనో కాదు, ఉద్యోగం, ఊరు, బంధువులు, చివరికి శరీరం కూడా చేజారినవాళ్ళ మధ్య. అక్కడ నాలుగు సున్నాలు గీస్తే మూడు ఖాళీగా ఉంటాయి. అయినా కొందరు బతుకును ప్రేమించారు.

ఈ బొమ్మను మా అనంతపురం మీద పెట్టి చూస్తే ఎట్లా ఉంటుందని నాకు అనిపించింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ వాన పడే నేల ఇది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల లెక్క తీస్తే జైసల్మేర్ తర్వాత మా పేరే చెప్పడం అలవాటు. రెండు వైపుల నుంచి వచ్చే రుతుపవనాలు రెండూ మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఇక్కడి మనుషులు దారులు మార్చుకోవడంలో బాగా ఆరితేరినవాళ్ళు, కాకపోతే చాలామందికి ఆ దారి వెతుక్కుంటే దొరికింది కాదు, తరుముకొస్తే పట్టినది.

మొదట తాడిపత్రి పోదాం. 1880లో అక్కడ పుట్టిన తాడిపత్రి రాఘవాచార్యులు లోకానికి బళ్ళారి రాఘవ. ఆయన పుట్టేనాటికి అనంతపురం జిల్లానే లేదు, 1882లో బళ్ళారి నుంచి విడదీశారు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 'చిత్రనళీయం' రాసి ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న మనిషి, బళ్ళారిలో ప్లీడరు. రాఘవ కూడా మద్రాసులో లా చదివి బళ్ళారిలో ప్లీడరయ్యారు. మేనమామ పోలిక అంటారే, వృత్తిలోనూ అదే, పిచ్చిలోనూ అదే.

రాఘవ నటన గురించి తెలుగులో బోలెడు రాశారు. పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తే వన్స్‌మోర్లు పడే కాలంలో ఆయన మనిషి మాట్లాడినట్టు మాట్లాడారు. ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టారు. రాజమన్నారు రాసిన 'తప్పెవరిది' లాంటి సాంఘిక నాటకాన్ని రంగం మీదికి తెచ్చారు. ఆ రాజమన్నారూ న్యాయవాదే, తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రాఘవ ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిశారు. ఇవన్నీ మనం పిల్లలకు చెప్తాం. కానీ ఒకటి చెప్పం. ఆయన ప్లీడరీ మానలేదు. చివరిదాకా రంగస్థలానికి ఔత్సాహికుడుగానే ఉన్నారు.

నాలుగు సున్నాల లెక్కలో రాఘవ ఫెయిలయ్యారు. ఇష్టమైనది, బాగా వచ్చినది ఒక చోట. డబ్బులు తెచ్చేది ఇంకో చోట. ఆ రెండింటినీ కలపడానికి ఆయన ప్రయత్నించలేదు. నాకు అర్థమైనంతలో ఆయన స్వేచ్ఛ అక్కడే ఉంది. నాటకమే కూడు పెట్టాల్సి వస్తే వన్స్‌మోర్ కొట్టే ప్రేక్షకుడికి రాగం తీసి ఇవ్వాల్సిందే. కూడు కోర్టు పెట్టింది కాబట్టి రంగం మీద ప్రేక్షకుడికి ఇష్టం లేనిది కూడా చేయగలిగారు. ఆ ఫీజులే లేకపోతే సహజ నటన అనే మొండితనం ఎన్నాళ్ళు నిలిచేది? మనం ఆయన కళను మెచ్చుకుంటూ ఆ కళకు కాపలా కాసిన నల్లకోటును మరిచిపోతాం.

రెండో మనిషి కంబదూరు దగ్గరి రాళ్ళపల్లి నుంచి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, 1893లో పుట్టారు. పాట తల్లి దగ్గర మొదలైంది, మైసూరులో బిడారం కృష్ణప్ప దగ్గర సాగింది. కానీ ఉద్యోగం తెలుగు పండితుడిగా. కట్టమంచి రామలింగారెడ్డి చొరవతో 1912లో మైసూరు మహారాజా కాలేజీలో చేరి 1949 దాకా అక్కడే పాఠాలు చెప్పారు. వేమన మీద ఆయన ఉపన్యాసాలు ఈనాటికీ వేమన గురించి రాసేవాళ్ళు దాటిపోలేనివి. ఆ ఒక్క పని చేసి ఊరుకున్నా చరిత్రలో ఉండేవారు.

రిటైరయ్యాక తిరుపతి వెళ్ళారు. అక్కడ తాళ్ళపాకవారి రాగిరేకులు. రేకుల మీద పాట ఉంది, పాట నెత్తిన రాగం పేరు ఉంది. తాళం లేదు, స్వరం లేదు. తెలుగు, సంస్కృతం, సంగీతం మూడూ ఒక్క మనిషిలో ఉంటే తప్ప ఆ పని ముందుకు పోదు. యాభై ఆరేళ్ళు దాటిన మనిషి కూర్చుని ఆ పాటల్లో కొన్నింటికి స్వరం కట్టారు. ఇవాళ మన ఇళ్ళలో అన్నమయ్య వినబడుతున్నాడంటే దాని మొదట్లో ఆ చేతి పని ఉంది. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది.

ఈయన విషయంలో నాలుగు సున్నాలూ కలిశాయి కదా అని మా వాడు అనొచ్చు. కలిశాయి, నిజమే. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత. ఆ ముప్ఫై ఏడేళ్ళూ ఆయన అన్నమయ్య కోసం తనను తాను తయారు చేసుకోలేదు. ఆ రేకులు తన చేతికొస్తాయని ఆయనకు తెలియదు. తరగతి గదిలో పద్యం చెప్పుకుంటూ, ఇంట్లో పాట పాడుకుంటూ ఉన్నారు. రెండూ దేనికదిగా బాగా చేశారు. అవసరం వచ్చిన రోజు రెండూ ఒకచోట పనికొచ్చాయి. ఈ కథను వెనక నుంచి చదివితే అంతా పథకంలా కనిపిస్తుంది. జీవిత చరిత్రలు రాసేవాళ్ళు చేసే మోసం ఇదే, నేను క్లాసులో చేసిందీ ఇదే. ముందు నుంచి బతికినవాడికి అక్కడ చుక్క లేదు, సున్నా లేదు. ఒక రోజు పని, దాని పక్కన ఇంకో రోజు పని.

ఇక్కడిదాకా రాసి నేను ఆగిపోయాను. ప్లీడరు, పండితుడు. ఇద్దరూ చదువుకునే కులంలో పుట్టినవాళ్ళు, బళ్ళారికో మైసూరుకో పోయి నిలదొక్కుకోగలిగినవాళ్ళు. 'ఎందుకు బతకాలి' అని అడగాలంటే ముందు 'ఎట్లా బతకాలి' అన్నదానికి జవాబు చేతిలో ఉండాలి కదా? ఈ అనుమానం వచ్చినప్పుడు నేను తీసే పుస్తకం 'పెన్నేటి పాట'.

విద్వాన్ విశ్వం కూడా మా జిల్లావారే, తరిమెలలో 1915లో పుట్టారు. ఉద్యోగాలు మారడంలో ఆయన ముందు మా మేనల్లుడు ఏపాటి? సంస్కృతం చదువుకున్న విద్వాంసుడు కమ్యూనిస్టు అయ్యాడు. తరిమెల నాగిరెడ్డితో కలిసి నవ్య సాహిత్యమాల పెట్టి పుస్తకాలు వేశాడు. జైలుకు పోయాడు. హైదరాబాదులో అడివి బాపిరాజు సంపాదకుడిగా ఉన్న 'మీజాన్'లో పనిచేశాడు. ఆంధ్రప్రభ వారపత్రిక నడిపాడు, 'మాణిక్యవీణ' శీర్షిక రాశాడు. చివరికి తిరుపతి దేవస్థానం ప్రచురణల పని చూశాడు. ఈ మలుపులు చూసి ఆయన నిలకడ లేని మనిషి అనుకోవచ్చు. కానీ ఇన్ని చోట్ల తిరిగిన మనిషి 1956లో అచ్చయిన ఆ కావ్యంలో ఎక్కడికి తిరిగొచ్చాడు? నీళ్ళు లేని పెన్న ఒడ్డుకు. ఉద్యోగాలు మారాయి, మనసు పెట్టి చూసిన చోటు మారలేదు.

ఆ కావ్యంలో రంగడు, అతని భార్య గంగమ్మ. ఒకప్పుడు బాగా బతికిన రైతు ఇంట్లో పుట్టినవాడు కూలివాడయ్యాడు. ఇదీ 'కెరీర్ మార్పే'. మన భాషలో దానికి ఆ పేరు పెట్టం. రంగడికి వ్యాయామం అవసరం లేదు, అతనికి మిగిలింది ఒళ్ళొక్కటే. ఒళ్ళు కదిపితే పూట గడుస్తుంది, కదపకపోతే లేదు. విశ్వం గొప్పతనం ఏమంటే, రంగణ్ణి జాలిపడాల్సిన బొమ్మగా మాత్రమే వదలలేదు. అతనికి భార్య మీద ప్రేమ ఉంది, పుట్టబోయే బిడ్డ మీద ఆశ ఉంది. బతుకు మీద రుచి పోనివాడు. బతుకుకు అర్థం ఉండి, బతకడానికి దారి లేనివాడు. మా వాడికి దీనికి సరిగ్గా తలకిందులు: దారులు ఉన్నాయి, రుచి తెలియడం లేదు. ఈ ఇద్దర్నీ ఒకే బొమ్మతో కొలవలేం.

ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున నేను నడుస్తాను. 1916లో దత్తమండల కాలేజీగా మొదలైన చోటు అది. నాతోపాటు ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్ళు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాలు కట్టుకున్నవాళ్ళు. నాకూ ఒకటుంది. అదే వేళకు పల్లెల నుంచి వచ్చి టవర్ క్లాక్ వైపు కూలికి నడిచిపోయేవాళ్ళ అడుగులు ఎవరూ లెక్కపెట్టరు. ఈ తేడా చూసి సిగ్గుపడి నడక మానేయడం కూడా ఒక వేషమే అవుతుంది. నడవాలి, కాకపోతే దాన్ని జీవిత పరమార్థం అనుకోకూడదు.

మా జిల్లాలో ఒక పల్లె ఉంది, నార్పల మండలంలో బండ్లపల్లి. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అక్కడే ప్రారంభించారు. పల్లెటూరి ఇంటికి ఏడాదికి వంద రోజుల పని అడిగే హక్కు. రంగడు అడిగి ఉంటే దొరకనిది, యాభై ఏళ్ళకు చట్టంగా వచ్చింది. ఆ బండ్లపల్లి నుంచే బారెడ్డి అనూష వచ్చింది. ఎడమచేతి స్పిన్నరు, 2023 జులైలో భారత మహిళల జట్టు తరఫున బంగ్లాదేశ్ మీద ఆడింది. ఇష్టం, నేర్పు, డబ్బు, పేరు అన్నీ ఒకచోట కలిసిన మనిషి కావాలంటే, ఇదిగో.

కానీ ఆమె కథలో సున్నాల బొమ్మ దాచిపెట్టేది ఒకటి బయటపడుతుంది: మైదానం. ఆమె ఆట నేర్చింది రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అకాడమీలో. ఆ సంస్థను మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టిన జెసూట్. మహారాష్ట్రలో రైతులతో బావులు తవ్వించి, 1968లో దేశం విడిచిపొమ్మంటే పోయి, మళ్ళీ వచ్చి 1969లో అనంతపురంలో దిగాడు. మరుసటేడు జెసూట్ సంఘాన్ని వదిలేసి పెళ్ళి చేసుకున్నాడు. 2009లో ఇక్కడే పోయాడు. ఏబై ఏళ్ళ వయసులో దారి మార్చడమంటే అది. అయితే ఆయన దారి మార్చింది పనిని వదలడానికి కాదు, అదే పనిలో ఉండటానికి. ఆ సంస్థ కట్టిన క్రీడా గ్రామంలో 2010లో రాఫెల్ నాదల్ పేరుతో టెన్నిస్ బడి కూడా వచ్చింది. నేల నెర్రెలిచ్చిన చోట పిల్లలు పచ్చటి గడ్డి మీద పరిగెత్తుతుంటే నేను కళ్ళారా చూశాను.

స్పెయిన్ నుంచి మాకు రెండూ వచ్చాయన్నమాట. ఒకటి నాలుగు సున్నాల బొమ్మ, రెండోది మైదానం. బొమ్మ అంటుంది: నీ ప్రయోజనం నీ లోపల ఉంది, వెతుక్కో, దొరక్కపోతే తప్పు నీది. మైదానం అట్లా అనదు. ఎవరో ఒకరు నేల చదును చేస్తే, ఎవరో నీళ్ళు పెడితే, ఇంకెవరో ఆ ఆట తమదని తెలుసుకుంటారు. ఒగిమి పల్లె కూడా నిజానికి మైదానం లాంటిదే, ఒక్కొక్కరూ గది తలుపేసుకుని తమ ఇకిగై కనుక్కున్నవాళ్ళు కారు. పుస్తకంలో ఒగిమి నిజం చెబుతుంది, బొమ్మ అబద్ధం చెబుతుంది. పాఠకులు బొమ్మను పట్టుకున్నారు.

నా వాదనలో ఒక లొసుగు ఉంది, దాచను. రాఘవ ప్లీడరీ మానలేదు కాబట్టి నువ్వూ మానకూడదు అని నేను మా వాడికి చెప్తున్నట్టు వినబడుతుంది. మా అక్క అదే చెప్పమంది: "నువ్వు జెప్తే ఇంటాడు రా, మళ్ళీ చేరమను." నేను అట్లా చెప్పలేదు. కోర్టు సాయంత్రానికి మూస్తారు. వాడి ఉద్యోగం రాత్రి పదకొండుకీ మూసేది కాదు. నాటకానికి పూట మిగల్చని ఉద్యోగం కళకు కాపలా కాయదు, కళను తినేస్తుంది. అట్లాంటిది వదిలేయడం తప్పు కాదు. వదిలేసిన మరుసటి రోజే నడిమధ్య చుక్క కనబడాలనుకోవడమే నాకు నచ్చనిది. కెమెరా అమ్మేసింది ఫోటోలు రాక కాదు, వాటితో సంపాదన వచ్చేట్టు లేదని. గిటారూ అంతే. పరుగు కూడా 'ఎంత టైమ్‌లో' అన్నదాని దగ్గర ఆగిపోయింది. ప్రతి ఇష్టాన్నీ నాలుగో సున్నా ముందు నిలబెట్టి పరీక్ష పెట్టాడు. ఆ పరీక్ష పెడితే రాఘవ నాటకమూ పాసయ్యేది కాదు.

ఇదంతా నేను ఫోన్‌లో చెప్పలేకపోయాను. చివరికి ఇంతే అన్నాను. కూడు పెట్టేదాన్ని కూడు పెట్టనీ, మరీ ఒళ్ళు గుల్లచేసేది కాకుండా చూసుకో. ఇష్టమైనదాన్ని జీతం అడగొద్దు. లోకానికి ఏం కావాలో బెంగళూరు గదిలో కూర్చుంటే తెలియదు, ఎవరి పక్కనన్నా నిలబడితే తెలుస్తుంది. మూడూ కలుస్తాయో లేదో నాకు తెలియదు. రాళ్ళపల్లివారికి కలవడానికి ముప్ఫై ఏడేళ్ళు పట్టింది.

"అంటే నా ముసలితనం దాకా ఆగమంటావా మామా?" అన్నాడు.

"ఆగమనలేదురా. అందాకా ఏదో ఒకటి బాగా జెయ్యమంటాండా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత కెమెరా ఎంతకు అమ్మాడో చెప్పాడు, మళ్ళీ కొనాలంటే ఎంతవుతుందో చెప్పాడు. వచ్చే నెల ఊరికి వస్తానన్నాడు. వస్తే మొదట తరిమెల, అక్కణ్ణుంచి తాడిపత్రి పోదామన్నాను. అక్కడ పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. ఏట్లో నీళ్ళు ఉంటాయో ఉండవో చెప్పలేను. గుడిలో లింగం కింద మాత్రం సన్నగా ఊట ఊరుతూనే ఉంటుందంటారు. వాడికి ఫోటోలు తీసుకోవడానికి బాగుంటుంది.